బోర్లించిన గ్లాసు

“బోర్లించానని చెబుతున్నానా లేదా?” అన్నాడు భర్త.

“నేను వెళ్ళేసరికి నిటారుగానే ఉంది.”

“అంటే నేను అబద్ధమాడుతున్నానా?”

“అలా అన్నానా? నిటారుగా ఉంది అన్నాను. అంతే అన్నాను.”

“అంతేట, అంతే! నీ అంతేలోనే అంతా ఉంటుంది.”

హాల్లో బల్ల మీద స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకుని భార్యాభర్తలూ, ఆడపడుచూ దాని చుట్టూ కూర్చున్నారు. మామూలు గ్లాసు. అంచు దగ్గర చిన్న సొట్ట. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ఇంత శ్రద్ధగా చూసి ఎరగరు. ఆడపడుచు దాన్ని చేతిలోకి తీసుకుని, అడుగున నిందితుడి పేరు చెక్కి ఉంటుందేమో అన్నట్టు తిప్పి తిప్పి చూసింది.

ఆమెను ఇంట్లో అందరూ దొరసాని అంటారు. కన్నతల్లి చిన్నప్పుడు ముద్దుకు పెట్టిన పేరు. పెద్దయ్యాక మార్చాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. తల్లి పడిపోయిందని తెలియగానే పెట్టెతో సహా దిగింది. దిగినప్పటి నుంచీ విచారణ నడుస్తూనే ఉంది.

“మళ్ళీ మొదట్నించీ రండి,” అంది దొరసాని. “అమ్మకి సాయంత్రం పూట బీపీ మాత్ర. ఒకటే కదా?”

“ఒకటే అక్కా,” అన్నాడు తమ్ముడు.

“అది ఎవరివ్వాలి?”

భార్యాభర్తలిద్దరూ గ్లాసు వైపే చూశారు.

“ఎవరు ముందు ఖాళీ అయితే వాళ్ళు,” అంది కోడలు.

“అదేం ఏర్పాటమ్మా?”

అది కోడలి ఏర్పాటే. ఆమె పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆయన లిఫ్టుల ఇంజనీరు. ఊళ్ళో ఎవరు ఏ రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నా మోగేది ఆయన ఫోనే. ఈ పని నీది, ఆ పని నాది అని గీత గీసుకుంటే, ఒకరు రావడం ఆలస్యమైన రోజున ఆ పని అలాగే పడి ఉంటోంది. అందుకని కోడలు ఆ గీత చెరిపేసింది. ఇంటి పనులన్నీ ఒక కుప్ప. చెయ్యి ఖాళీ అయినవాళ్ళు కుప్పలోంచి ఒకటి తీసుకుని చేసేయడమే. మాత్ర ఇచ్చినవాళ్ళు గ్లాసును బోర్లించి పెట్టాలి. రెండోవాళ్ళు గుమ్మంలోంచి తొంగి చూస్తే చాలు. గ్లాసు బోర్లా ఉంటే మాత్ర పడ్డట్టు, నిటారుగా ఉంటే పడనట్టు. అడగడాలు, చెప్పుకోవడాలు, ఫోన్లు చేసుకోవడాలు ఏమీ ఉండవు.

ఏర్పాటు ఎంత చక్కగా నడిచిందంటే, భార్యాభర్తలు మాత్ర గురించి మాట్లాడుకోవాల్సిన అవసరమే లేకపోయింది. క్రమంగా మిగతా వాటి గురించి కూడా.

“మొన్న ఇద్దరూ ఇచ్చారు,” అంది దొరసాని. “అమ్మ బీపీ పాతాళానికి దిగిపోయింది. స్నానాల గది గుమ్మంలో పడి నుదురు చీరుకుంది. ఆస్పత్రి వాళ్ళు కుట్లేసి పంపారు కాబట్టి సరిపోయింది. ఇంతకీ రెండోది ఎలా మింగింది? అమ్మని అడిగారా?”

“అడిగాను. ‘ఏమోరా, గుర్తులేదు’ అంటోంది,” అన్నాడు తమ్ముడు.

దొరసాని గ్లాసును టక్కున బల్ల మీద పెట్టింది.

“అదీ సంగతి. మీ గ్లాసూ కాదు, మీ బోర్లించడాలూ కాదు. అమ్మకి మతిమరుపు మొదలైంది. ఒకసారి మింగింది, మింగిన సంగతి మర్చిపోయి మళ్ళీ మింగింది. మా ఇంటి దగ్గర పెద్దవాళ్ళని చూసుకునే హోం ఉంది. పగలూ రాత్రీ నర్సులుంటారు. మాట్లాడే వచ్చాను. ఈ సాయంత్రమే తీసుకెళ్తాను.”

తమ్ముడు చొక్కా జేబులో ఫోను ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

పక్క గదిలో మంచం కిర్రుమంది. ఆ గది తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది. హాల్లో అన్న ప్రతి మాటా అక్కడికి వినబడుతుంది. అది తెలిసి కూడా ఎవరూ గొంతు తగ్గించలేదు.

కోడలు ఆ ఓర తలుపు వైపు చూసింది. ఆ ఇంట్లో తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషిని “వచ్చావా?” అని అడిగే గొంతు ఆ గదిలోదొక్కటే. భర్త ఉన్నా అడగడు. చెప్పులు కనిపిస్తే వచ్చినట్టే కదా అంటాడు. ఈ సాయంత్రం ఆ గది ఖాళీ అయితే, రేపటి నుంచి వచ్చిందీ రానిదీ చెప్పులే చెప్పుకోవాలి.

“వదినా, అత్తయ్యకి మతిమరుపు లేదు,” అంది. “నిన్న ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడ మనవరాళ్ళ చదువులన్నీ వరసగా ఒప్పజెప్పారు. తప్పు ఏర్పాటుది. ఎక్కడ జరిగిందో నేను పట్టుకుంటాను. సాయంత్రం దాకా ఆగండి.”

“పట్టుకోడానికి ఇదేమన్నా నీ కంప్యూటరా?”

“కంప్యూటరైతే ఈపాటికి ఒప్పుకునేది,” అన్నాడు భర్త, గ్లాసుతో అన్నట్టు.

అదే సమయానికి కోడలి ఫోను మోగింది. ఆఫీసు.

మేనేజరు అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తుండదు. ప్రతి మాటా అర్జంటుతో మొదలెడతాడు కాబట్టి అర్జంటు గారు.

“అర్జంటమ్మా! ఒక్క సోఫాకి రెండు వ్యాన్లు వెళ్ళాయి.”

“సోఫాకి రెండు వ్యాన్లా? మళ్ళీనా సార్?”

“డ్రైవర్లిద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. ఇంటాయన ఆ సోఫా మీదే కూర్చుని ఎవరు గెలుస్తారా అని చూస్తున్నాట్ట. నువ్వొస్తావా, నన్ను మధ్యలో కూర్చోమంటావా?”

కోడలు బ్యాగు భుజాన వేసుకుంది. భర్త కుర్చీ వెనక్కి జరిపి దారి ఇచ్చాడు. ఆ ఉదయం వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మర్యాద అదొక్కటే.

ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఆవరణలో వ్యాన్లు వరసగా కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే ఏ పార్సిలు ఏ వ్యాను ఎక్కాలో ఒక ప్రోగ్రాము తేలుస్తుంది. మొన్నటిదాకా అది తేల్చేలోగా డ్రైవర్లు టీ తాగి, పేకాట ఆడి, పేకలో పోట్లాడుకుని, రాజీ పడి, మళ్ళీ టీ తాగేవారు. ఆ కంప్యూటరుకు ఎనిమిది బుర్రలున్నాయి. ఇన్నేళ్ళూ ఒక్క బుర్ర చాకిరీ చేస్తుంటే మిగతా ఏడూ పెళ్ళికొచ్చిన చుట్టాల్లా కూర్చున్నాయి.

కోడలు ఆ పనిని ముక్కలు చేసి ఎనిమిదింటికీ పంచింది. అలా విడివిడిగా పరిగెత్తే ఒక్కో పని వరసను థ్రెడ్ అంటారు. ఒకదాని కోసం ఒకటి ఆగదు. ఒకదాన్నొకటి పలకరించదు. కుప్పలో ఎవరూ తీసుకోని పార్సిలు కనిపిస్తే, దాన్ని ఒక వ్యానుకు రాసేసి, ‘తీసుకున్నాం’ అని గుర్తు పెట్టి, మళ్ళీ కుప్ప దగ్గరికి పరిగెడుతుంది. ప్రోగ్రాము మొదటిసారి అలా నడిచిన రోజు డ్రైవర్లకు టీ చల్లారేంత వ్యవధి కూడా దొరకలేదు. వాళ్ళు ఆమెను ఇంకా క్షమించలేదు.

“ఇంత వేగం వచ్చిందని పైవాళ్ళకి నేనే డప్పు కొట్టాను,” అన్నాడు అర్జంటు గారు, ఆమె కుర్చీ వెనక నిలబడి. “ఇప్పుడు ఆ డప్పు నా నెత్తిన పడుతోంది. ఏం జరుగుతోంది?”

“రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో ఒకే సోఫాని చూస్తున్నాయనుకుంటాను సార్. ఎవరూ తీసుకోలేదు కదా అని ఇదీ అనుకుంది, అదీ అనుకుంది. ఇది గుర్తు పెట్టేలోగా అది తీసుకుంది.”

“అయితే ఏం చేద్దాం?”

“తాళం వేస్తాను. కుప్ప ఉన్న గదికి ఒకటే తాళంచెవి. అది చేతిలో ఉన్నదే లోపలికెళ్ళాలి.”

తాళం వేసి నడిపించింది. ప్రోగ్రాము నత్తలా పాకింది.

“ఇదేమిటి, మళ్ళీ మొదటికొచ్చింది!”

“ఒకటి లోపలుంటే ఏడు గుమ్మంలో నిలబడ్డాయి సార్.”

“ఎనిమిదిమందిని కూలికి పిలిచి ఏడుగుర్ని గుమ్మంలో నిలబెట్టావా? మా ఆవిడ నయం, ఇద్దర్నే నిలబెడుతుంది. నన్నూ, మా నాన్ననీ.”

గది తాళం తీసేసి, ప్రతి పార్సిలుకూ విడిగా చిన్న తాళం పెట్టింది. ఒకే పార్సిలు మీద చెయ్యి వేసినవే ఆగుతాయి. మిగతావి వాటి దారిన అవి పోతాయి. వేగం తిరిగొచ్చింది. అర్జంటు గారు చప్పట్లు కొట్టబోయి చేతులు గాల్లోనే ఆపాడు. ఫలితాల్లో ఒక బీరువా రెండు వ్యాన్లెక్కి కనిపించింది.

ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడం ఆ ఆఫీసులో అదే మొదలు.

కోడలు ఒక్కతే కూర్చుంది. బీరువాను తీసుకున్న మొదటి థ్రెడ్ అడుగడుగూ చదివింది. అది తీసుకుంది, గుర్తు పెట్టింది, తాళం తీసి వెళ్ళింది. తప్పు లేదు. రెండో థ్రెడ్ వచ్చింది, తాళం వేసింది, గుర్తు కోసం చూసింది. గుర్తు లేదు. తీసుకుంది. దాని తప్పూ లేదు.

రెండూ నిజమే చెబుతున్నాయి.

ఆమె తెర మీదికి కాస్త వంగింది. పోట్లాడుకున్న రెండింటినే పొద్దున్నుంచీ అనుమానిస్తోంది. గుర్తును ముట్టుకునే హక్కు ఇంకెవరికుందని వెతకలేదు. వెతికితే, తానే మొదట్లో రాసి మర్చిపోయిన చిన్న థ్రెడ్ ఒకటి మూల కూర్చుని కనిపించింది. దాని పని ఒక్కటే. వ్యాను నుంచి ‘అందింది’ అన్న జవాబు రాకపోతే, ఆ పార్సిలు అనాథగా పడి ఉందనుకుని గుర్తు చెరిపి మళ్ళీ కుప్పలో వేయడం. జవాబు ఇవ్వడం తీరిక లేని డ్రైవర్లకు ఆలస్యమవుతోంది. పలకరించే దిక్కు లేదని అది పార్సిలును వెనక్కి తెచ్చి పెడుతోంది.

వెనక్కి వేసే ముందు వ్యానును ఒక్క మాట అడిగేలా ఆమె ఆ థ్రెడ్‌ను సరిచేసింది. సోఫాలు, బీరువాలు బుద్ధిగా ఒక్కో వ్యానే ఎక్కాయి. ఆమెకు సంతోషం కలగలేదు.

ఆయన బోర్లించానంటున్నాడు. తను నిటారుగా చూసింది. ఇద్దరూ నిజమే చెబుతుంటే?

“ఎక్కడికమ్మా? పైవాళ్ళకి నువ్వే చెప్పాలి. అర్జంటు!” అంటూ ఎదురొచ్చాడు అర్జంటు గారు.

“ఇంట్లో ఇంకా అర్జంటు సార్,” అంది ఆమె, ఆగకుండా.

ఇంట్లో దొరసాని లేదు. ప్రయాణానికి మాత్రలు కొనడానికి మందుల షాపుకు వెళ్ళింది. భర్త ఎవరినో లిఫ్టులోంచి దింపడానికి వెళ్ళాడు. హాల్లో పెట్టె మూత తెరిచి ఉంది. అత్తగారి శాలువాలు, మేజోళ్ళు, దువ్వెన అన్నీ అప్పుడే అందులోకి చేరాయి.

“వచ్చావా?” అంది గదిలోంచి గొంతు.

“వచ్చాను అత్తయ్యా.”

అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నుదుటి మీది కట్టు పక్కకు జారి, అల్లరి చేసి దెబ్బలు తగిలించుకున్న పిల్లలా కనిపించింది.

“సోఫా తేలిందా?”

“తేలింది. అత్తయ్యా, మిమ్మల్ని ఒకటడుగుతాను. కోప్పడకూడదు.”

“అలా మొదలెట్టావంటే కోప్పడే మాటే. అడుగు.”

“గ్లాసు మీరు తిప్పారా?”

అత్తగారు దుప్పటి అంచును మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

“దాహమైతే తిప్పుకోనా?”

“మీరు నీళ్ళు తాగేది మరచెంబులో. మూత కూడా నేనే కొన్నాను.”

“కొన్నావులే. మంచి మూత.” హాలు వైపు తొంగి చూసింది. “దొరసాని వచ్చిందా?”

“రాలేదు. ఎవరూ లేరు.”

“ఎవరూ లేకపోవడం నాకు కొత్తా?” అంది అత్తగారు. నవ్వబోయింది, కుట్లు లాగి మానేసింది. “వాడొస్తాడమ్మా. మాత్ర అరచేతిలో పెడతాడు. నీళ్ళందిస్తాడు. గుటక పడిందా లేదా అని నా గొంతు చూస్తాడు. గ్లాసు బోర్లిస్తాడు. అప్పటికే జేబులో ఫోను మోగుతూ ఉంటుంది. అక్కడితో ఆ పూటకి నా పని అయిపోయినట్టు. కాసేపటికి నువ్వొస్తావు. గుమ్మంలోనే ఆగుతావు. గ్లాసు వైపు చూస్తావు. నా వైపు కాదు, గ్లాసు వైపు. వెళ్ళిపోతావు.”

కోడలు గుమ్మం వైపు, తను రోజూ ఆగే చోటు వైపు చూసింది.

“నిష్ఠూరం కాదులే. ఏర్పాటు అది. బాగానే ఉంది ఏర్పాటు. ఒకరోజు ఏం తోచక గ్లాసు తిప్పి పెట్టి చూశాను. నువ్వు లోపలికొచ్చావు. మంచం మీద కూర్చున్నావు. ‘మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది’ అన్నావు.”

“అప్పట్నుంచీ తిప్పుతున్నారా?”

“రోజూ కాదు. మరీ తోచనప్పుడు.”

“మాత్ర మళ్ళీ మింగేవారా? ఎంత ప్రమాదం అత్తయ్యా!”

“పిచ్చిదాన్ననుకున్నావా? బుగ్గలో పెట్టుకునేదాన్ని. నువ్వు అటు వెళ్ళగానే ఆ కిటికీలో కుండీలో ఊసేదాన్ని. ఈ మధ్య ఆ మొక్కకి రక్తపోటు బాగా తగ్గింది. చూడు, ఎలా వాలిపోయిందో.”

నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు కుండీ వైపు చూసింది. మొక్క నిజంగానే వాలిపోయి ఉంది.

“మరి మొన్న?”

“మొన్న నువ్వు వెళ్ళలేదు,” అంది అత్తగారు మెల్లగా. “కూర్చున్నావు. ఎప్పుడూ లేంది కాళ్ళు కూడా పైకి పెట్టుకుని కూర్చున్నావు. ఏదో కుదిరిందని, అడ్డగోలు వేగం వచ్చిందని చెప్పావు. థ్రెడ్లన్నావు. నేను దారాలు అనుకున్నాను. కాదు అత్తయ్యా, పనులు అన్నావు. అన్నీ ఒకేసారి పరిగెడతాయన్నావు. ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవా అని అడిగాను, గుర్తుందా?”

గుర్తుంది. ఆ రోజు ప్రోగ్రాము గెలిచిన సంతోషం ఎవరికైనా చెప్పాలని ఇంటికి పరిగెత్తుకొచ్చింది. భర్త ఫోను రెండుసార్లు బిజీ అని చెప్పింది. వంటింట్లో ఎవరూ లేరు. అత్తగారి గదిలో గ్లాసు నిటారుగా ఉంది.

“‘మాట్లాడుకుంటే ఆలస్యం అత్తయ్యా, మాట్లాడుకోకపోవడం వల్లే ఈ వేగం’ అన్నావు. ఎంత వెలిగిపోయిందో నీ మొహం! అంత సంబరంగా చెబుతుంటే బుగ్గలో మాత్ర ఎలా ఊసేది? చూస్తూ ఉన్నాను. అది కరిగి చేదెక్కింది. నీళ్ళు తాగేశాను. ఒక్కటేగా, ఎక్కువైతే ఇంకాస్త ఆరోగ్యమే అనుకున్నాను.”

కోడలు మంచం అంచున కూర్చుంది. జారిన కట్టును సరిచేసింది. చెయ్యి వెంటనే తీసుకోబుద్ధి కాలేదు.

“వదిన రాగానే చెబుతాను. మీకు మతిమరుపు లేదని ఆవిడకి తెలియాలి.”

“చెప్పకు.”

“చెప్పకపోతే మిమ్మల్ని తీసుకెళ్ళిపోతుంది. పెట్టె కూడా సర్దేసింది.”

“చూశాను. దువ్వెన కూడా వదల్లేదు.” అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. “మతిమరుపంటే జబ్బమ్మా. ఎవరికైనా వస్తుంది, నలుగురూ అయ్యో అంటారు. దీన్నేమంటావు? ముసలమ్మ తోచక దొంగాటలాడిందనా? కొడుకు కూర్చోవడం లేదని మాత్రలు బుగ్గన దాచుకుందనా? అది విన్నాక వాడి మొహం నేను చూడగలనా? నా మొహం వాడు చూడగలడా? నా మీద ఒట్టు. వాడికి మాత్రం తెలియకూడదు.”

“హోంలో ఉండగలరా మీరు?”

అత్తగారు మణికట్టు మీది పట్టు ఇంకాస్త బిగించింది.

బయట గేటు చప్పుడైంది. దొరసాని చెప్పులు అంత నమ్మకంగా ఇంకెవరి కాళ్ళకీ మోగవు.

“ఏమ్మా, సాయంత్రమైంది. తేలిందా నీ లెక్క?” అంది దొరసాని, పెట్టె మూత బిగిస్తూ. అప్పుడే వచ్చిన తమ్ముడు చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ గోడకు ఆనుకున్నాడు.

“తేలింది వదినా.” అంది కోడలు. “గ్లాసు బోర్లించే ఉంది. నేనే సరిగ్గా చూడలేదు. ఆఫీసు పని గెలిచానన్న హడావిడిలో వచ్చి మాత్ర ఇచ్చేశాను. అత్తయ్య వద్దని చెప్పబోయినా వినిపించుకోలేదు. నన్ను తప్పించడానికే గుర్తులేదన్నారు. మతిమరుపు ఆవిడకి కాదు.”

భర్త చేతిలో గుడ్డ ఆగిపోయింది. పొద్దున్నుంచీ గెలవాలని చూసిన పోట్లాట గెలిచిన మనిషి మొహంలా లేదు ఆయన మొహం.

దొరసాని అరుస్తుందని కోడలు సిద్ధపడింది. దొరసాని అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అంటే అమ్మ మనసు బాగానే ఉంది.”

“బాగానే ఉంది.”

“నువ్వే ఇచ్చావు.”

“నేనే.”

“అమ్మాయ్, నిజం చెప్పినందుకు మెచ్చుకుంటాను,” అంది దొరసాని. ఆ గొంతులో నిజంగానే మెత్తదనం ఉంది. అదే కోడలిని ఎక్కువ భయపెట్టింది. “మతిమరుపైతే డాక్టరుంటాడు, మందులుంటాయి. ఓ నెల చూసి బాగుంటే మళ్ళీ ఇక్కడికే పంపుదామనుకున్నాను కూడా. కానీ ఇది మతిమరుపు కాదంటున్నావు. ఇచ్చే చేతికే ధ్యాస లేదంటున్నావు. మనసు బాగున్న మనిషిని అలాంటి చోట ఎలా వదిలి వెళ్ళమంటావు? నువ్వే చెప్పు.”

కోడలు కట్టిన అబద్ధం తన కాళ్ళకే చుట్టుకుంది. దాన్ని విప్పే మనిషి ఒక్కరే.

ఆ మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. కట్టు నుదుటి మీద సరిగ్గానే ఉంది. అన్నీ విన్నది. కోడలు ఆమె వైపు చూసింది. ఒక్క మాట. ఒక్క మాట చాలు అత్తయ్యా.

అత్తగారి పెదవులు కదిలాయి.

“దొరసానీ, నా కళ్ళజోడు పెట్టావా?”

“పెట్టానమ్మా.”

“అయితే పద.”

కొడుకు పెట్టె అందుకోబోయాడు. “నువ్వుండరా, నీకు ఫోనొస్తుంది,” అంది తల్లి. అందులో వెటకారం లేదు. దొరసానే పెట్టె పట్టుకుంది. అత్తగారు కోడలి ముందు ఒక్క క్షణం ఆగి, ఏదో చెప్పాలనుకుని, ఆమె భుజం మీది కొంగు సరిచేసి వెళ్ళిపోయింది.

హాల్లో ఇద్దరే మిగిలారు. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ ఒకే గదిలో, చేతిలో ఏ పనీ లేకుండా, నిలబడ్డారు.

“ఎందుకలా చెప్పావు?” అన్నాడు ఆయన.

“ఏది?”

“గ్లాసు బోర్లించి ఉందని.”

“పొద్దున్నుంచీ నువ్వు చెబుతున్నదేగా. బోర్లించానన్నావు.”

“బోర్లించాను.” ఆయన గ్రీజు గుడ్డను చిన్నగా, ఇంకా చిన్నగా మడిచాడు. “మొన్న తాళాలు మర్చిపోయి వెనక్కొచ్చాను. గుమ్మంలోంచి చూశాను. అమ్మ లేచి దాన్ని మళ్ళీ నిలబెట్టింది.”

కోడలు ఆయన వైపు గిరుక్కున తిరిగింది.

“చూశావా?”

“చూశాను.”

“చూసి, రెండు రోజులుగా నన్నే... మీ అక్క ముందు కూడా... ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఎందుకు తిప్పావని అమ్మని అడగాలి కదా.”

“అడగొచ్చుగా!”

“అడిగితే చెప్పేది.” ఆయన గొంతు కిందికి దిగిపోయింది. “చెప్పాక ఏం చేయాలో నాకు తెలియలేదు. తన పక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియదు నాకు. మర్చిపోయాను ఎలా కూర్చోవాలో. నీతో కూడా.”

కిటికీలోంచి కారు కనిపిస్తోంది. ఇంకా కదల్లేదు. దొరసాని వెనక సీట్లో తల్లి నడుముకు దిండు సర్దుతోంది. కారులో చిన్న దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో అత్తగారు ఇంటి వైపే చూస్తోంది.

గుమ్మం దాటితే చాలు. నేను చూశానమ్మా అని ఆయన అనాలి. లేదా ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, ఆవిడ తిప్పింది వదినా అని ఆమె అనాలి. ఇద్దరి దగ్గరా మాట ఉంది. ఎవరో ఒకరు చాలు.

నువ్వు వెళ్ళు అన్నట్టు ఆయన ఆమె వైపు చూశాడు.

నువ్వే వెళ్ళాలి అన్నట్టు ఆమె ఆయన వైపు చూసింది.

వీధిలో ఇంజను మోగింది.